అమ్మమనా? రమ్మనా?

ఆయన పోయారని ఫోనొచ్చేసరికి నేను హారిస్ పార్కు పేటలో ఒక ఇండియన్ కొట్లో కరివేపాకు బేరమాడుతున్నాను. ఇన్నేళ్ళుగా సిడ్నీలో ఉంటూ, స్టిక్కరంటించిన ధర మీద బేరమాడే మనిషిని నేనొక్కణ్ణే అనుకుంటాను. నన్ను చూడగానే కొట్టాయన లోపలికెళ్ళి వాళ్ళావిణ్ణి పంపిస్తాడు. మా ఆవిడైతే నాతో ఆ వీధికి రావడమే మానేసింది. ఈ దిక్కుమాలిన అలవాటు నాకు పుట్టుకతో రాలేదు. గురువుగారి దగ్గర నేర్చుకున్నాను. ఆయన నేర్పిన విద్యల్లో నాకు పూర్తిగా వంటబట్టింది ఇదొక్కటే.

"మీ గురువు పోయినారు బాబూ, పొద్దున్నే," అంది ఆంటీ ఫోనులో. గొంతు మామూలుగానే ఉంది. నేను కరివేపాకు అక్కడే పెట్టేసి బయటికొచ్చేశాను. బేరం మధ్యలో వదిలి రావడం నాకదే మొదలు.

గురువుగారు అన్నానని ఏ సంగీతం మేష్టారో అనుకునేరు. ఆయన వృత్తి అరవడం. ఎనభైల చివర్లో సిడ్నీ నడిబొడ్డున ఒక పెద్ద హాలుండేది. అందులో మెట్లు మెట్లుగా దిగే గుంట. రంగురంగుల కోట్లు తొడుక్కున్న జనం ఆ మెట్ల మీద నిలబడి పొద్దస్తమానం ఒకళ్ళ మొహం మీద ఒకళ్ళు అరుచుకునేవారు. అక్కడ అమ్మేది కంటికి కనపడే సరుకు కాదు. ఫలానా గడువు నాటికి షేర్ల ధరలు ఎక్కడుంటాయన్న దాని మీద ఇవాళే చేసుకునే ఒప్పందాలు. ఇప్పుడంతా కంప్యూటర్లేనట. అప్పుడు గొంతుదీ చేతులదీ రాజ్యం. ఆస్ట్రేలియన్లు ఆ గుంటని పిట్ అనేవారు. గురువుగారు గోదా అనేవారు.

ఆయనది చీరాల పక్క. నలభై దాటిన బ్రహ్మచారి. ముదురు పసుపుపచ్చ కోటు తొడుక్కుని, ఎక్కువగా సొంత డబ్బుతో, అప్పుడప్పుడు బయటివాళ్ళ తరఫునా బేరాలాడేవారు. ఏది అడిగినా "చూద్దాం" అనడం ఆయన ఊతపదం. దాన్నే ఇంగ్లీషులో "మేబీ" అనేవారు గనక గోదాలో ఆయన పేరు మేబీ అయిపోయింది. కొన్నాళ్ళకి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నేనూ దాన్నిక్కడ రాయను. ఆయనుంటే "రాస్తావా మానతావా" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపల "చూద్దాంలే" అనేవారు.

నా సంగతి చెప్పాలి. వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎం.ఎస్సీ. వెలగబెట్టి, ఆప్షన్ల ధర కట్టే ఫార్ములా బట్టీపట్టి, ఇక ప్రపంచ మార్కెట్లు నాకోసం కాచుక్కూచున్నాయన్న భ్రమలో సిడ్నీలో దిగాను. ఏ మార్కెట్టూ కాచుక్కూచోలేదు. ఆర్నెల్లు అంట్లు తోమాక, ఎవరో తెలుగాయనకి గుమాస్తా కావాలంటే వెళ్ళాను. గోదా పక్కన బల్ల దగ్గర ఫోనూ కాల్క్యులేటరూ పెట్టుకుని నిలబడాలి, ఆయన అడిగిన ధర కట్టి చేతి సైగతో చెప్పాలి. అదీ ఉద్యోగం.

మొదటి రోజే ఒక ఆప్షన్ ధర అడిగారు. నేను చకచకా మీటలు నొక్కి, "ఇరవైమూడు పాయింట్ నాలుగు ఏడు ఆరు రెండు," అన్నాను, ఛాతీ విరుచుకుని.

"ఆ ధరకి కొనేవాడెవడు?"

"తెలీదండీ."

"అమ్మేవాడు?"

"తెలీదండీ."

"అయితే అది ధర కాదోయ్. జాతకం."

ఆ రోజు నుంచీ నా పేరు ఫార్ములా. కష్టపడి చదివిన చదువుకి దక్కిన బిరుదు అది.

అలాగని ఆయనకి లెక్క చిన్నచూపు కాదు. నేను చెప్పిన అంకె వినేవారు, ఆ తర్వాత ఎదటివాడి మొహం చూసేవారు. పాఠం మాత్రం తన పద్ధతిలోనే చెప్పేవారు. "పొలం కొందామనుకున్నావు. బయానా ఇచ్చి, ధర రాయించుకుని, మూణ్ణెల్లు గడువు పెట్టుకున్నావు. ఈలోగా ధర పెరిగితే కొంటావు, పడితే బయానా వదిలేసి పోతావు. కాల్ ఆప్షనంటే అంతేనోయ్. నీ ఫార్ములా చెప్పేది ఆ బయానా ఎంతుండాలనే గదా?" ఔనన్నాను. "మిరపకాయల ధర ఊగినట్టు కందిపప్పు ధర ఊగదు. అందుకని మిరపకాయలకి బయానా ఎక్కువ గుంజాలి. గడువు ఎక్కువడిగినా అంతే." పుట్ ఆప్షన్ అంటే ఏమిటని అడిగితే, "చీరల కొట్టువాడు 'నచ్చకపోతే నెలలోపల తెచ్చి ఇచ్చెయ్యండి, ఇదే ధరకి తీసుకుంటా' అంటాడే, అది," అన్నారు. మరి ఫ్యూచర్? "అది తాంబూలాలు మార్చుకోవటం. ఇంక ఇష్టమున్నా లేకపోయినా గడువు రోజుకి పీటల మీద కూచోవాల్సిందే." నేను రెండేళ్ళు చదివింది ఆయన కాఫీ తాగేలోపల అయిపోయింది. నాకు ఒళ్ళు మండింది కూడా.

తర్వాత సైగలు. అరచెయ్యి మన వైపు తిప్పి వేళ్ళు చూపిస్తే కొంటున్నట్టు. అరచెయ్యి ఎదటివాడి వైపు ఉంటే అమ్ముతున్నట్టు. ఎన్ని వేళ్ళయితే అన్ని ఒప్పందాలు. గోదా బయట్నించి ఎవరైనా మనకి అదే సైగ చేస్తే, అలా కొనమనో అమ్మమనో ఆర్డరు. "ఎడ్ల సంతలో తువ్వాల కింద వేళ్ళు నొక్కుతారా లేదా? ఈ దేశంలో తువ్వాల తీసేశారు, అంతే తేడా," అనేవారు. నేను దీన్ని కూడా పరీక్షకి చదివినట్టు చదివాను. అద్దం ముందు, రైల్లో, స్నానాల గదిలో. చివరికి ఎవరిళ్ళల్లోనైనా భోంచేస్తూ "చాలు" అని చెయ్యి అడ్డం పెడితే, "ఎన్ని అమ్ముతున్నావోయ్?" అని గురువుగారు అడిగేదాకా వచ్చింది.

ఇంత తెలిసిన మనిషీ తన బతుకులో దేనికీ ఖరారు చెప్పేవారు కాదు. అద్దె గది. మంచం పక్కన తెరిచిన పెట్టె, అందులోంచే బట్టలు తీసి తొడుక్కోవడం, ఉతికి అందులోనే పడెయ్యడం. బీరువా కొనుక్కోవచ్చు గదా అంటే "చూద్దాం". రోజూ రైల్లో వచ్చేవారు, ఏ రోజు టిక్కెట్టు ఆ రోజే కొనేవారు. వారం టిక్కెట్టు చవక గదండీ అంటే, "వారమంతా వస్తానని గ్యారంటీ ఏంది?" అనేవారు. ఏళ్ళ తరబడి ఒక్క రోజు కూడా ఆయన రాకుండా మానలేదు. "చేతిలో ఉన్న హక్కు గడువుకి ముందే వాడేసుకునేవాడు వెర్రివెధవోయ్. ఆఖరి నిమిషం దాకా ఆగాల, ఏమో ఏం జరుగుద్దో." పుస్తకంలో కూడా అదే ఉంది. అందుకని నేను మహా జ్ఞానిలా తలూపేవాణ్ణి.

ఇక కోటు సంగతి. గోదాలో చేతులెత్తి ఎత్తి కోట్లు చంకల దగ్గర చిరిగేవి. సిడ్నీ శివార్లలో టూంగాబీ అనే పేటలో ఒకావిడ ఇంటి ముందుగదిలో బట్టలు బాగుచేసే కొట్టు పెట్టుకుని ఉండేది. ఫిజీలో పుట్టిన తెలుగామె. భర్త చాలా ఏళ్ళ కిందటే పోయాడు. ఎనభయ్యేడులో అక్కడ ప్రభుత్వం కూలిపోయి గొడవలయ్యాక కుట్టుమిషనుతో సహా ఇక్కడికొచ్చేసింది. ఆవిడ తెలుగు మా తాతమ్మల నాటిది, మధ్యమధ్య ఫిజీ హిందీ ముక్కలు. మా అమ్మ వయసు కాకపోయినా నేను ఆంటీ అనేవాణ్ణి, ఎందుకంటే అన్నం పెట్టేది. ప్రతి శనివారం గురువుగారు చిరిగిన కోటు పట్టుకెళ్ళేవారు. కోటుతోపాటు నేను. కోటు మిషను మీదికీ, మేము చేపలపులుసు ముందుకీ.

"వారం వారం చంక ఎట్ల చినుగుతాది?" అనేదావిడ.

"మార్కెట్టు బాగా ఊగుతోందండీ," అనేవారాయన.

ఈస్టరు సెలవలకి గోదా మూతబడ్డ వారం కూడా చంక చిరిగింది. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు. స్టాటిస్టిక్స్ చదివినవాణ్ణి గదా, కుట్టుదారం నాణ్యత మీద అనుమానపడ్డాను.

అప్పటికి రెండేళ్ళ కిందట ఆయన ఆవిణ్ణి "మనం పెళ్ళి చేసుకుంటే ఎట్టా ఉంటదంటారు?" అని అడిగారట. "బాగనే ఉంటాది," అందట ఆవిడ. "అయితే చూద్దాం," అన్నారట ఈయన. ఇదంతా ఆంటీయే ఒక శనివారం నాతో చెప్పింది, ఆయన ఎదురుగానే, చేపముక్క వడ్డిస్తూ. బయానా కట్టకుండా దొరికిన కాల్ ఆప్షన్ అంటే ఇదే గదా అని నేను లోపల్లోపల ఆయన తెలివికి మురిసిపోయాను. ఎంత వెధవనో చూడండి.

ఆ ఫిబ్రవరిలో నేనేదో లైసెన్సు పరీక్షకి చదువుతున్నాను. భోజనాల దగ్గర గురువుగారు ప్రశ్నలడుగుతున్నారు. ఆంటీ మిషను తొక్కుతోంది.

"కాల్‌ని గడువుకి ముందే వాడుకోవచ్చునా?"

"కూడదండీ."

"ఎప్పుడూ కూడదా?"

"ఒక్క సందర్భంలో తప్ప. షేరు మీద డివిడెండు వస్తుంటే, అది షేరు సొంతమైనవాడికే వస్తుంది. కాల్ చేతిలో పెట్టుకు కూచున్నవాడికి రాదు. డివిడెండు పెద్దదైతే ఆగకూడదు, వాడేసుకోవాలి." పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను.

మిషను ఆగింది. "డివిడెండంటే ఏంది బాబూ?" అంది ఆంటీ.

"సొంతమయ్యాక ఏటేటా చేతికొచ్చే ఫలం ఆంటీ."

"సొంతం కానోళ్ళకి రాదా?"

"రాదాంటీ. అదే రూలు."

ఆవిడ గురువుగారి కంచం వంక చూసింది. కంచంలో పులుసుముక్క, పక్కన గడ్డపెరుగు, అప్పడం. తర్వాత నా కంచం వంక కూడా చూసింది. "అయితే తప్పు నాదే," అంది. అని దారం తెంపి మామూలుగా చెప్పింది: "బ్రిస్బేన్ల మా తమ్ముడు ఉన్నాడు, వచ్చెయ్ వచ్చెయ్ అంటుండు. ఈ ఇల్లు మార్చి ఆఖరు దాకానే నాది. ఆనాడు బండెక్కుతా. ఈలోగా మీరు చెప్పేది ఉంటే చెప్పండి. లేదంటే మంచిది, కోపం లేదు."

ఆ మరుసటి శనివారం వెళ్తే కోటు గుమ్మంలోనే అందుకుంది. "సోమవారం రండి," అంది. లోపల్నించి పోపు వాసన వస్తోంది. మేమిద్దరం ఆ వాసన పీల్చుకుంటూ స్టేషను దాకా నడిచాం. దారిలో కొనుక్కున్న మీట్‌పై, అదే మాంసం కూరిన కజ్జికాయ, చల్లారిపోయి ఉంది. "నీ నోట్లో మన్ను పడ," అన్నారు గురువుగారు, చాలా శాంతంగా. నా జన్మలో నేను చెప్పిన ఒకే ఒక్క సరైన ముక్క, నాకే అర్థం కాకుండా చెప్పి, నా నోటి దగ్గర కూడు నేనే తన్నేసుకున్నాను.

మార్చి నెలంతా ఆయన అదోలా ఉన్నారు. అరుపులో పస లేదు. ఒకరోజు నన్ను పిలిచి, "ఫార్ములా, ఒకటి చెప్పు. ఆప్షన్ గడువు దాటిపోతే?" అన్నారు.

"సున్నా అండీ."

"అది తెలుసులే. ఆ తర్వాత?"

"తర్వాతేముందండీ, సున్నాయే." మళ్ళీ పుస్తకంలో ఉన్నదే చెప్పాను. ఆయన భయపడుతున్నారని అప్పుడర్థమైంది నాకు. ఇన్నేళ్ళుగా అంత గొంతేసుకుని అరిచే మనిషికి, ఒక్క మాట అనడానికి భయం. నాకు జాలేసింది. వెళ్ళి కాఫీ తెచ్చిచ్చాను.

మార్చి ఆఖరి రోజు. మార్చి ఒప్పందాలకి కూడా అదే గడువు, గోదా కిక్కిరిసి ఉంది. ఆయన పొద్దున్నించీ పై గడియారం వంకే చూస్తున్నారు. టూంగాబీకి వెళ్ళలేదు. ఫోనూ చెయ్యలేదు. మధ్యాహ్నం దాటింది. నేను బల్ల దగ్గర చెవిలో ఫోనూ, కళ్ళు నాలుగు దిక్కులా పెట్టుకుని ఉన్నాను. అంతలో ఓరకంటికి ఒక చెయ్యి కనిపించింది. అరచెయ్యి మా వైపు. అయిదు వేళ్ళూ పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఎవరిదో చూడలేదు. ఇన్నాళ్ళ శిక్షణ ఎక్కడికి పోతుంది? "అమ్మమంటున్నారు! అయిదు!" అని అరుస్తూ నేనూ చెయ్యి తిప్పి చూపించాను. గురువుగారు పరాగ్గా ఉన్నా ఒళ్ళు అలవాటుపడి ఉంది. గిర్రున తిరిగి అయిదూ అమ్మేశారు.

"ఎవరోయ్ అమ్మమంది?"

నేను పైకి చూపించాను. గోదా పైన అద్దాల గ్యాలరీ ఉండేది. టూరిస్టులు జూకొచ్చినట్టు వచ్చి మమ్మల్ని చూసి పోయేవారు. అక్కడ ఆంటీ నిలబడి ఉంది. చంకలో సంచీ, చేతి మీద పసుపుపచ్చ కోటు. అరచెయ్యి కిందికి వంచి, వేళ్ళాడిస్తూ, మన ఊళ్ళల్లో వీధి గుమ్మంలోంచి పిలిచినట్టు పిలుస్తోంది.

"ఓరి నీ ఫార్ములా తగలెయ్య! అది అమ్మమని కాదురా, రమ్మని!"

ఆ అరుపుకి గోదా అంతా ఒక్క క్షణం ఆగింది. ఆయన మెట్లెక్కి పరుగెత్తారు. వెనకాల నేను. ఎందుకంటే చేతిలో అయిదు ఒప్పందాల చీటీ ఉంది, వాటినేం చెయ్యాలో నాకు తెలీదు.

పైకెళ్ళేసరికి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. "కోటు ఇచ్చి పోదామని వచ్చినా. బండికి టైమయింది," అంటోంది ఆవిడ. ఈయన చెయ్యెత్తి, అరచెయ్యి తన గుండె వైపు తిప్పి, ఒక్క వేలు చూపించారు.

ఆంటీ మొహం మాడిపోయింది. "ఇంకా ఒక్క నిమిషమా? రెండేళ్ళు చాలలేదా?" అని సంచీ సర్దుకుంది.

గోదా సైగా ఇంటి సైగా రెండూ తెలిసి, నోరు తెరిచి చెప్పగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. "నిమిషం కాదాంటీ. ఒకటి కొంటున్నానంటున్నారు," అన్నాను.

"ఏంది కొనేది?"

అదీ నిజమే. నేను ఆయన వైపు తిరిగి, ఉద్యోగ ధర్మంగా అడిగాను. "ఫ్యూచరా గురువుగారూ, ఆప్షనా?"

"ఫ్యూచరేరా!" అని గోదా గొంతుతో అరిచారాయన. గ్యాలరీలో ఉన్న టూరిస్టులు వెనక్కి జరిగారు. అప్పుడు గొంతు తగ్గించి ఆవిడతో అన్నారు. "చూద్దాం అంటల్లేదండీ. చేసుకుందాం అంటున్నా."

ఆంటీ ఆయన్ని చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. "ఒంటి మీద కోటు గుడ చంక చినిగింది, చూసుకోండి," అని సంచీ కింద పెట్టింది. నాకెంత సంతోషమేసిందంటే, ఆ ఊపులో చీటీ ముందుకు చాపి, "మరి ఈ అయిదూ తిరిగి కొనాలాండీ, ఉంచాలా?" అని అడిగాను. ఆ చూపు నేనీ జన్మలో మర్చిపోను.

మార్కెట్టు ఆ ఆఖరి గంటలో జారింది. అయిదూ లాభంలోనే తేలాయి. "ఆవిడ చెయ్యూపిందోయ్, ఆస్ట్రేలియా పడిపోయింది," అని ఆయన ఎవరొచ్చినా చెప్పేవారు. బీరువా కొన్నారు. వారం టిక్కెట్టు కొన్నారు. శనివారాలు మళ్ళీ మొదలయ్యాయి. అన్నం కలుపుతూ నా వంక చూసి "డివిడెండోయ్," అనేవారు, పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటాక కూడా.

ఆయన పోవడానికి రెండ్రోజుల ముందు ఆసుపత్రిలో చూశాను. మాట బాగా సన్నగిల్లింది. కాసేపు కూచుని, పార్కింగు గడువు అయిపోతోందని లేచాను. తలుపు దగ్గర వెనక్కి తిరిగితే చెయ్యెత్తి ఉంది. అరచెయ్యి నా వైపు. వేళ్ళు నెమ్మదిగా కదులుతున్నాయి. వెళ్ళిరమ్మంటున్నారనుకుని నేనూ చెయ్యూపి వచ్చేశాను.

అంత్యక్రియలయ్యాక టూంగాబీలో ఇంటికెళ్ళాను. ఆంటీ నాకు టీ ఇచ్చి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని మొహంతో అంది. "ఆ పొద్దు నిన్ను రమ్మని పిలిస్తే టాటా చెప్పి పోయినావంట గదా బాబూ. 'ఫార్ములాగాడికి ఇప్పటికీ అమ్మమన్నట్టే కనపడుద్ది' అని ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది మనిషికి."

టీ కప్పు కింద పెట్టేశాను. "ఎందుకు రమ్మన్నారాంటీ? ఏమన్నా చెప్పాలనా?"

"చెప్పేదానికి ఏముంటాది?" అంది ఆంటీ. "ఊరికేనే. ఇంకాసేపు కూచుంటావని."